ఆకాశరామన్న తీర్మానం

యమున గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ముప్పై నాలుగేళ్లు తపాలా శాఖలో లోకం ఉత్తరాలన్నీ మోసినవాణ్ణి, సొంతంగా ఒక పేజీ రాయాలంటే మాత్రం బద్ధకం. కానీ మొన్న మా నేత సంఘం వార్షిక సమావేశంలో అందరినీ పొగిడారు. రంగులు అద్దేవాళ్లను పొగిడారు, నూలు తెచ్చేవాళ్లను పొగిడారు, చివరికి కుర్చీలు అద్దెకిచ్చినాయన్ని కూడా పొగిడారు. ఆ అమ్మాయి పేరు ఒక్కరి నోటా రాలేదు. నాకు ఒళ్లు మండింది. అందుకే ఈ రాత.

ముందు నా సంగతి రెండు ముక్కలు. పేరు రాఘవేంద్ర. గద్వాల దగ్గరే ఒక చిన్న పోస్టాఫీసులో పోస్టుమాస్టరుగా రిటైరయ్యాను. పుట్టింది నేతవాళ్ల ఇంట్లోనే కాబట్టి, ఇంట్లో ఖాళీగా కూర్చోక ముందే సంఘం వాళ్లు పిలిచి గౌరవ కార్యదర్శి అని ఒక కుర్చీ వేశారు. జీతం లేదు, పెత్తనం ఉంది. నా ఒంటికి సరిగ్గా సరిపోయింది.

యమునకు ముప్పై ఒకటో ఏడు. మాట తక్కువ. రోజూ పెబ్బేరులో బస్సెక్కి, బీచుపల్లి వంతెన దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు మారి, తొమ్మిదిన్నర కాకముందే సంఘం ఆఫీసు తాళం తీస్తుంది. భర్త శ్రవణ్ కుమార్ పెబ్బేరు పశువుల సంతలో పగ్గాలు, మెడగంటలు, ఎడ్ల మూతికి కట్టే చిక్కాలు అమ్ముతాడు. బిడ్డ బడికి పోతుంది. సంఘంలో యమున పని కంప్యూటర్ చూసుకోవడం. దానితోపాటు నన్ను చూసుకోవడం కూడా తన పనే అని తను అనుకుంటుంది, నేను ఒప్పుకోను.

పుట్టింది గద్వాలలోనే. పన్నెండో ఏట పెద్దనాన్న మార్కండేయ మగ్గం మీద రెండో పక్క కూర్చుంది. మా చీర సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ విడిగా నేసి సూదితో అతికించరు. మగ్గం మీదే, నూలు పోగు వచ్చి ఆగిన చోట పట్టు పోగును దానిలోకి మెలిపెట్టి, వరుస వరుసకూ కలుపుకుంటూ పోతారు. పోగును మోసే నాడెలు మూడు ఇటూ అటూ పరుగెత్తుతుంటే ఒక్క మనిషికి అందదు, రెండో పక్క ఇంకొకరు కూర్చోవాలి. మార్కండేయ కలిపిన అంచు మీద వేలు పెట్టి తడిమినా ఎక్కడ కలిసిందో తెలియదు. పదేళ్లు ఆయన పక్కన కూర్చున్నాక యమున చెయ్యి కూడా అలాగే తయారైంది.

తర్వాత డిగ్రీ అయింది, కంప్యూటర్ నేర్చింది, సంఘంలో పని దొరికింది. మగ్గం దిగింది. ఆ దిగడం మార్కండేయకు మింగుడుపడలేదు. "చెయ్యున్న పిల్ల. మీటలు నొక్కుకుంట కూసుంటే ఏమొస్తది?" అని నాతోనే వందసార్లు అన్నాడు. రెండో పక్కకు ఇప్పుడు ఆయన భార్య కౌసల్యమ్మ వచ్చి కూర్చుంటుంది. యమున ఎదురుపడితే ఆయన తల ఊపి పోయేవాడు. ఎనిమిదేళ్లు ఇదే తంతు. ఆ అమ్మాయి దాని గురించి ఒక్కసారి కూడా నా దగ్గర నోరెత్తలేదు.

ఇంత చిన్న సంఘానికి సొంత మెయిల్ సర్వర్ ఎందుకని ఎవరైనా అడుగుతారు. నా పంతం, ఇంకేముంది. మన ఉత్తరాలు మన ఇంట్లో ఉండాలి, ఎవరో పరాయివాళ్ల అరల్లో కాదు అని పట్టుబట్టి, వనపర్తి నుంచి సాంసన్ అనే కంప్యూటర్ మెకానిక్‌ను పిలిపించి పెట్టించాను. నూలు కట్టలున్న గదిలో ఒక మూల ఆ పెట్టె గుర్రుమంటూ ఉంటుంది. యమున పొద్దున్నే దాని దుమ్ము తుడిచి, లాగ్ చూస్తుంది. లాగ్ అంటే ఆ పెట్టె తనకు తానే రాసుకునే దినచర్య. ఏ నిమిషాన ఏ ఊరి సర్వర్ తలుపు తట్టింది, ఏమిచ్చింది, మనం ఏమన్నాం, అన్నీ వరసగా ఉంటాయి.

ఇక అసలు సంగతి. నిరుడు కర్ణాటకలో ధార్వాడ వైపు నుంచి, ఒక నేత శిక్షణ కేంద్రం వాళ్ల మెయిల్ వచ్చింది. పంపినాయన పేరు డేవిడ్. మీ ఊళ్లో నూలుకూ పట్టుకూ మగ్గం మీదే కలుపు వేసే పాతకాలపు పనివాడు ఉన్నాడట, ఆరు వారాలు వచ్చి పదిహేను మందికి నేర్పగలడా, వెంట రెండో పక్క కూర్చునే మనిషిని తెచ్చుకోవచ్చు, పదో తేదీలోగా ఫారం నింపి జవాబివ్వండి అని అందులో ఉంది.

ఈ కబురు చెబితే మార్కండేయ నాడె చేతిలో పట్టుకునే లేచి నిలబడ్డాడు. అరవై నాలుగేళ్ల మనిషి. ఆయన వాడలో ఆ పని నేర్చుకుంటామని వచ్చినవాడు లేడు. నేర్చిన ఒక్క పిల్లా దిగిపోయింది. ఈ విద్య తనతోనే మట్టిలో కలిసిపోతుందని ఆయనకు లోపల దిగులు. యమున ఫారం పట్టుకుని గడప దగ్గర నిలబడి ఒక్కొక్క ప్రశ్నా అడిగింది. ఆయన జవాబులన్నీ మగ్గానికి చెప్పాడు, యమున వైపు చూడలేదు. ఏడో తేదీ పొద్దున తను జవాబు పంపేసింది. మార్కండేయ కొత్త లాల్చీలు కుట్టించుకున్నాడు. చలి ఎట్లుంటుందో అని కౌసల్యమ్మ రెండు దుప్పట్లు ఎండకు వేసింది.

పదిహేడో తేదీ, గురువారం, ఆ కేంద్రం నుంచి సుష్మ అనే అమ్మాయి ఫోను చేసింది. రాయచూరు పిల్లట, తెలుగు బాగానే వచ్చు. "మీ మార్కండేయగారు రావడం లేదా సార్? జవాబే పంపలేదు కదా. జాబితాలో వేరే ఊరివాళ్ల పేరు రాసేశాం" అంది.

ఫోను యమునకు ఇచ్చాను. ఏడునే పంపానని తను చెప్పింది. మళ్లీ ఇప్పుడే పంపుతానంది. సుష్మ ఒప్పుకోలేదు. "గడువు పదితో అయిపోయింది మేడం. ఏడునే మా దగ్గరికి వచ్చిందని మా దగ్గర ఏదైనా దొరికితే సరే. శనివారం ఐదింటికి జాబితా పెద్దసారు సంతకానికి పోతుంది. మీ దగ్గరున్న కాపీ చూపించి లాభం లేదు, అది ఎప్పుడైనా తయారు చేసుకోవచ్చు అంటారు ఇక్కడ."

అంటే రెండు రోజులున్నాయి.

ఈ మాట మార్కండేయకు నేనే చెప్పాలి కదా. వెళ్లాను. నేను వద్దన్నా యమున నాతో వచ్చింది, గుమ్మం బయటే ఆగింది. మార్కండేయ అంతా విన్నాడు. తర్వాత అన్నాడు, "అది పంపనే లేదేమో పోస్టుమాస్టరూ. మగ్గమంటే దానికి కిట్టదు గదా."

"నోరు మూస్కో. పిల్ల గసుంటిది గాదు" అని కౌసల్యమ్మ గట్టిగా కసిరింది.

గుమ్మం బయట చెప్పుల చప్పుడైంది. నేను బయటికి వచ్చేసరికి యమున వీధి మలుపు తిరుగుతోంది. మనిషిని కొట్టినా అంత బాధ ఉండదు. వెనకాలే వెళ్లి ఓదారుద్దామనుకున్నాను. నేను ఆఫీసుకు చేరేసరికి తను కంప్యూటర్ ముందు కూర్చుని ఏడో తేదీ లాగ్ తెరిచి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ చెయ్యి ఆగలేదు.

"కాకా, గిది జూడు" అంది. "పదకొండు గంటల నలభై రెండు నిమిషాలకు మన సర్వర్ జవాబు తీస్కపోయి ఇచ్చింది. అందింది అని వాళ్ల సర్వర్ అన్నది. గిదో."

"మరింకేంది! వాళ్లే పోగొట్టిన్రు. గాళ్లను అడుగుదాం, ఫోను కలుపు!" అని నేను ఎగిరాను. నాకు కోపమొస్తే ముందు ఫోను, తర్వాత ఆలోచన.

"జర ఆగు కాకా" అని తను కిందికి చూసుకుంటూ పోయింది. ఒక్కొక్క గీతే. నేను చాయ్ తాగి వచ్చినా అక్కడే ఉంది. ఉన్నట్టుండి వేలు పెట్టి ఆపింది. పదకొండు గంటల నలభై ఆరు. నాలుగు నిమిషాల తర్వాత వాళ్ల సర్వరే తిరిగి వచ్చి మన తలుపు తట్టింది. యమున పేరు మీద ఒక ఉత్తరం తెచ్చింది. పంపినవారి పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు, ఖాళీ. మన సర్వర్ ఏమందంటే, పేరు లేని ఉత్తరం ఇక్కడ తీసుకోబడదు. తలుపు వేసేసింది.

"వాళ్లు ఏందో చెప్పనీకే వచ్చిన్రు. మన పెట్టెనే ఎల్లగొట్టింది" అంది యమున. "గిట్ల ఎందుకు జేసింది?"

సాంసన్‌కు ఫోను చేసి స్పీకర్ పెట్టింది. సాంసన్ వనపర్తిలో ఎవరిదో ప్రింటర్ విప్పుతున్నాడు. అంతా విని నవ్వాడు. "గది వాపసు ఉత్తరం యమునా. బౌన్స్ అంటం. మీ జవాబు ఆ మనిషికి చేరలేదు, గా ముచ్చట చెప్పనీకే వాళ్ల సర్వర్ వచ్చింది. వాపసు ఉత్తరాలల్ల పంపినోళ్ల పేరు ఖాళీనే ఉంటది. లోకంల అన్ని సర్వర్లు గట్లనే పంపుతయ్, అన్నీ తీస్కుంటయ్. మీదొక్కటే తీస్కోదు."

"ఎందుకు తీస్కోదన్నా?"

"ఎందుకంటే నాతోని గా రూలు పెట్టిచ్చిన్రు. పెట్టిచ్చిన పెద్దమనిషి నీ పక్కనే కూసున్నడా?"

యమున నా వైపు తిరిగింది. నేను గోడ మీద క్యాలెండర్ చూశాను.

ఇప్పుడు దాచి లాభం లేదు. ఆరేళ్ల కిందట సంఘం ఎన్నికల ముందు ఆకాశరామన్న ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. ఫలానావాడు పట్టులో దొంగ దారం కలుపుతున్నాడని ఒకటి, ఫలానావాడి చీర మరమగ్గం మీద నేసిందని ఇంకొకటి. అన్నదమ్ములు కొట్టుకునేదాకా వచ్చింది. మెయిల్లో కూడా వచ్చాయి. నేను సభ పెట్టి, లేచి నిలబడి, ఒక తీర్మానం చదివాను: పంపినవారి పేరు లేని ఏ ఉత్తరాన్నీ, ఏ రూపంలో వచ్చినా, ఈ సంఘం స్వీకరించరాదు. చప్పట్లు మోగాయి. ఆ తీర్మానాన్ని సర్వర్‌కు కూడా వర్తింపజేయమని సాంసన్‌కు చెప్పాను. "సార్, సర్వర్ల గట్ల పెట్టద్దు, పరేషాన్ అయితది" అన్నాడు పాపం. తీర్మానం తీర్మానమే అన్నాను. నేనంతటివాణ్ణి.

తమాషా ఏమంటే, ఆకాశరామన్నలు మెయిల్ పంపితే ఏదో ఒక దొంగ పేరు పెట్టే పంపుతారు. పేరు నిజంగా ఖాళీగా వచ్చేది వాపసు ఉత్తరం ఒక్కటే. అంటే నా తీర్మానం ఆరేళ్లలో ఒక్క ఆకాశరామన్ననూ ఆపలేదు. మన ఉత్తరం చేరలేదని చెప్పడానికి మర్యాదగా వచ్చిన వాళ్లనందరినీ గెంటేసింది.

అయినా నేను వెంటనే ఒప్పుకున్నానా? లేదు. "పేరు పెట్టుకుని రావొచ్చు గదా, వాళ్లకేం రోగం? అయినా తీర్మానం మార్చాలంటే సభ పెట్టాలె. కోరం ఉండాలె" అన్నాను.

"పేరు ఎందుకు పెట్టరంటే సార్," అని సాంసన్ ఓపికగా చెప్పాడు, "వాపసు ఉత్తరం కూడా చేరలేదనుకో. పేరుంటే దానికి ఇంకొక వాపసు పోతది. అదీ చేరకుంటే దానికి మల్లొకటి. రెండు సర్వర్లు నీదంటే నీదని దినమంత అదే పని జేస్తయ్."

ఇది మాత్రం నాకు వెంటనే అర్థమైంది. మా చుట్టాల్లో ఒక పెట్టుడు చీర ఉంది. వంకాయ రంగు, కట్టుకోవాలని ఎవరికీ బుద్ధి పుట్టదు. ఒకరి గృహప్రవేశంలో పెట్టింది ఇంకొకరి సీమంతంలో పెడతారు, అక్కణ్ణుంచి మరో ఇంటి పెళ్లికి పోతుంది. తొమ్మిదేళ్లుగా మడత విప్పకుండా గద్వాలకూ వనపర్తికీ మధ్య తిరుగుతోంది. అర్థమైంది గానీ, అర్థమైందని చెప్పడానికి నాకు పరువు అడ్డం వచ్చింది.

అప్పుడు యమున కుర్చీ నా వైపు తిప్పుకుంది. తను గొంతు పెంచడం నేను అంతకు ముందు వినలేదు.

"కాకా, నీ పోస్టాఫీసుల చేరని ఉత్తరం వాపసొస్తే ఏం జేస్తుంటివి?"

"రాసినోళ్లకు ఇచ్చేస్తుంటిమి."

"గా వాపసును పంపినోళ్లెవరు? పేరు జెప్పు."

"పేరేముంటది? శాఖ పంపుతది. మా శాఖ కవర్ మీద మనిషి పేరూ ఉండదు, స్టాంపూ ఉండదు..."

ముప్పై నాలుగేళ్లు ఇవే చేతులతో, ఎవరి పేరూ లేని శాఖ కవర్లను ఇంటింటికీ పంపించాను. అవి తీసుకోం అన్నవాళ్లను అజ్ఞానులని తిట్టాను. నా సొంత సంఘంలో ఆ అజ్ఞానిని నేనే. నా తప్పుకు ఫలితం అనుభవించింది నేను కాదు, ఏడో తేదీనే పని చేసి, తన పెద్దనాన్న చేత మాట పడ్డ ఈ పిల్ల. ఆ సంగతే నన్ను ఎక్కువ కోసింది.

"తియ్యి బిడ్డా ఆ రూలు," అన్నాను. "సభకు నేను జవాబు చెప్పుకుంట."

రూలు తీయడం సాంసన్ చెబుతుండగా ఐదు నిమిషాల్లో అయిపోయింది. కానీ పోయిన ఉత్తరం మళ్లీ రాదు కదా. యమున రెండు చేతుల్లో తల పట్టుకుంది. ఇక్కడ మాత్రం, సొంత డప్పు అనుకున్నా సరే, నా పాత ఉద్యోగం పనికొచ్చింది. అటు చేరక, ఇటు వెనక్కీ పోలేని ఉత్తరాన్ని తపాలా శాఖ చింపి పారేయదు. అలాంటి దిక్కులేని ఉత్తరాల కోసమే వేరే ఆఫీసు ఒకటి ఉంటుంది. "సాంసనూ, మీ కంప్యూటర్లల్ల గసుంటి ఆఫీసు ఉండదా?" అని అడిగాను.

అవతల స్క్రూడ్రైవర్ కింద పెట్టిన చప్పుడైంది. "ఉంటది సార్! వాపసు ఉత్తరం కూడా దిగకుంటే, పంపిన సర్వర్ దాన్ని తన దగ్గరనే ఒక డబ్బాల ఏస్తది. ప్రతి మెయిల్ సర్వర్‌కు గా డబ్బా ఉండాలె, రూలు. దాని పేరు ఏందో ఎరికేనా? పోస్ట్‌మాస్టర్."

నేను రిటైరయ్యాక ఆ మాటను అంత గౌరవంగా ఎవరూ అనలేదు.

శుక్రవారం పొద్దున సుష్మకు ఫోను చేశాం. మా లాగ్‌లోని రెండు గీతలూ యమున చదివి వినిపించింది. సుష్మ మొదట వాళ్ల ఆఫీసు తరఫున నిలబడింది. "మా సర్వర్ కొత్తది మేడం, తప్పు మీ పాతదానిదే ఉంటుంది" అంది. యమున వాదించలేదు. "తప్పు మాదే, ఒప్పుకుంటున్న. పోస్ట్‌మాస్టర్ డబ్బా ఒక్కసారి తెరిపియ్యండి" అని అడిగింది. అలాంటి డబ్బా ఉందనే అక్కడెవరికీ తెలియదు. దాని పాస్‌వర్డ్ తెలిసిన మనిషి చెల్లెలి నిశ్చితార్థానికి పోయాడు, శనివారం మధ్యాహ్నం వస్తాడు.

శనివారం నేను భోజనానికి ఇంటికి పోలేదు. యమున అన్నం డబ్బా విప్పింది, రెండు ముద్దలు తిని మూసేసింది. మూడు దాటింది. నాలుగు కావస్తోంది. నేను లోపలికీ బయటికీ తిరుగుతుంటే, "కూసో కాకా, నువ్ తిరిగితే ఫోను మోగదు" అంది. నాలుగుంపావుకు మోగింది.

"ఇదె రీ, ఇదె!" అని సుష్మ కన్నడంలో అరిచింది. ఉంది, ఉంది అని. తెలుగు ఆమెకు తర్వాత గుర్తొచ్చింది. ఆ డబ్బాలో నాలుగేళ్ల నుంచి ఎవరూ తెరవని ఉత్తరాలు వేలల్లో ఉన్నాయట. యమున పేరుతో వెతికితే ఒక్కటి దొరికింది. డేవిడ్ ఒకటో తేదీన రిటైరయ్యాడు, ఆయన పెట్టె మూసేశారు. వాకిట్లో ఉన్న వాళ్ల ప్రోగ్రాం ఏమీ అడగకుండా మన జవాబు తీసుకుంది, లోపలున్న ఇంకో ప్రోగ్రాం ఆ పేరుగలవాడు లేడంది. ఆ రెంటికీ వాటిలో వాటికే పొత్తు కుదరలేదన్నమాట. తిక్క ఉన్నది నా పెట్టె ఒక్కదానికే కాదని తెలిసి కొంచెం హాయిగా అనిపించింది. వాపసు ఉత్తరం కింద యమున జవాబు ఉన్నదున్నట్టు ఉంది. తేదీ, గంట, ఫారం, అంతా. సుష్మ దాన్ని పట్టుకుని పరుగెత్తింది. ఐదుకు పది నిమిషాలుండగా, జాబితాలో మార్కండేయ పేరు ఎక్కిందని చెప్పింది. ముందు రాసుకున్న ఆ వేరే ఊరివాళ్లను తర్వాతి తడవకు రమ్మన్నారట.

తీర్మానం ఏమైందో కూడా ఇక్కడే చెప్పేస్తాను. తర్వాతి ఆదివారం సభలో నేనే లేచి, ఇది నా తెలివితక్కువతనం అని చెప్పి రద్దు చేయించాను. ఈసారి చప్పట్లు లేవు, నవ్వులున్నాయి. మన సర్వర్‌లోని పోస్ట్‌మాస్టర్ డబ్బా ఇప్పుడు నా చేతిలో ఉంది. రోజూ పదింటికి తెరుస్తాను. ఎక్కువగా ఏమీ ఉండదు. అయినా తెరుస్తాను. ఆరేళ్ల లాగులు తిరగేసి, మన గడప దగ్గర గెంటేసిన వాపసులు యాభై ఎనిమిది అని యమున తేల్చింది. చేరాయనుకున్న ఆ యాభై ఎనిమిది ఉత్తరాలూ ఎవరెవరికి రాశామో చూసి, ఒక్కొక్కరికీ తనే ఫోను చేసింది. ఆ పని చేయమని తనకు ఎవరూ చెప్పలేదు.

ఆ శనివారం సాయంత్రానికి వస్తాను. కబురు పంపితే మార్కండేయ వచ్చాడు. సంఘం ఆఫీసులో కంప్యూటర్ ఉన్న గదిలోకి ఆయన అడుగుపెట్టడం అదే మొదటిసారి. కౌసల్యమ్మ వెనకాల నిలబడింది. అప్పటికే సుష్మ ఆ వాపసు ఉత్తరాన్ని మాకు పంపింది, తెర మీద ఉంది. సీటు ఖాయమైందని నేను చెప్పాను. తప్పు నాదని కూడా చెప్పాను. ఆయన నన్ను పట్టించుకోలేదు, తెర వైపే చూస్తున్నాడు.

"ఏం రాసి పంపినవ్? చదువు" అన్నాడు, ఎవరి పేరూ ఎత్తకుండా.

యమున చదివింది. పేరు, వయసు, ఊరు, ఎన్నేళ్ల అనుభవం. ఆయన చెప్పినవే కాబట్టి తలూపుతూ విన్నాడు. చివరి గడి దగ్గర తను ఆగిపోయింది. "అయిపోయింది పెద్దనాయినా" అంది. తెర మీద ఇంకా కొన్ని వరుసలు ఉండడం నేను చూశాను. మీ దగ్గర నేర్చుకున్నవారెవరైనా మీ గురించి వారి మాటల్లో రాయాలి అని ఫారంలో అడిగారు. మార్కండేయను ఆ ప్రశ్న తను అడగనే లేదు. నాకు ఇలాంటప్పుడు ఊరుకోవడం చేతకాదు. కళ్లద్దాలు సర్దుకుని నేనే చదివాను.

"ఈయన దగ్గర నేర్చుకున్నది నేను. నా పేరు యమున. పన్నెండో ఏట రెండో పక్క కూర్చున్నాను. నేను తప్పు కలిపిన ప్రతి పోగునూ ఈయన నా చేతనే విప్పించి, నా చేతనే మళ్లీ కలిపించాడు. ఒక్కసారి కూడా తన చేత్తో సరిదిద్దలేదు. మీరు కలిపితే తొందరగా అవుతుంది కదా అంటే, తప్పు నీది, ఓపిక నాది అన్నాడు. నేను మగ్గం దిగి ఎనిమిదేళ్లయింది. ఈ రోజుకీ నా పనిలో ఏదైనా తెగితే, ఎక్కడ తెగిందో దొరికేదాకా వెనక్కి విప్పుకుంటూ పోతాను. అది నాకు ఈయనే నేర్పాడు. ఈయన దగ్గర ఆరు వారాలు కూర్చున్నవాళ్లు, తర్వాత మగ్గం మీద ఉన్నా లేకపోయినా, పని తెలిసిన మనుషులవుతారు."

కౌసల్యమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. మార్కండేయ నూలు కట్ట మీద కూలబడ్డాడు.

"మల్ల చదువు," అన్నాడు. మళ్లీ చదివాను.

ఆయన లేచి యమున ముందుకు వచ్చాడు. పెద్దమనిషి, చిన్నపిల్లవాడు బడిలో నిలబడ్డట్టు నిలబడ్డాడు. "నువ్వు పంపలేదనుకున్న బిడ్డా. పోస్టుమాస్టరు ముందట అన్న. తప్పు నాది."

యమున ఏడుస్తూనే నవ్వింది. "ఓపిక నాది పెద్దనాయినా" అంది.

ఆయన తన పెద్ద చెయ్యి తీసి ఆ పిల్ల నెత్తి మీద పెట్టాడు. చాలాసేపు తీయలేదు.